ఈ వయసులో నాటకాలేటి బాబూ!

పోయిన నెల ఈ శీర్షికలో ఎవరో కంఠం బాగుపడాలంటే ఏం చెయ్యాలని అడిగితే, మాటల్లో మాటగా హ్యారీ పోటర్ సినిమాల్లో స్నేప్ మాస్టారి వేషం వేసిన అలన్ రిక్‌మన్ పేరెత్తాను. "ఈ ఇంగ్లీషాయన 42 ఏళ్ళు వచ్చేదాకా వెండితెర మీద కనబడలేదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆయన గురించే. టెక్కలి నుంచి గజపతినగరం దాకా ఇంతమంది ఆయన్ని ఎరుగుదురని నాకు నిజంగా తెలీదు, ఇదంతా మా ఇంట్లో పిల్లలు ఫోన్లో చూసుకునే సరుకనుకున్నాను. సరే, మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా. ఈసారి ఈయన సంగతే చూద్దాం.

ప్రశ్న: మాస్టారూ, నాకు 27 ఏళ్ళు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనర్‌గా చేస్తున్నాను. పుట్టినరోజులు, పెళ్ళిళ్ళు, నాయకుల స్వాగతాలు, ఇవే రోజూ. స్కూల్లో ఉన్నప్పుడు ఏకపాత్రాభినయాలు చేసేవాణ్ణి, ప్రైజులు కూడా వచ్చాయి. ఇప్పుడు యాక్టింగ్ నేర్చుకోవాలని గట్టిగా ఉంది. ఇంట్లో అంటే మా అమ్మ "ఈ వయసులో నాటకాలేటి బాబూ, పెళ్ళిచూపులకి రమ్మంటే!" అని నవ్వేసింది. మీరు రాసిన రిక్‌మన్ కూడా ముందు డిజైనరేనట. నిజమేనా? నన్ను ఉద్యోగం మానేయమంటారా? ఒకటే టెన్షన్‌గా ఉంది. — ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: నిజమే బాబూ, ఆయనా డిజైనరే. కాకపోతే నీ ఉత్తరం చదివాక నాకు ముందు గుర్తొచ్చింది ఆయన కాదు, ఆయన తల్లి. రిక్‌మన్ 1946 ఫిబ్రవరి 21న లండన్ పడమటి వైపు యాక్టన్ అనే పేటలో పుట్టాడు. తండ్రి ఇళ్ళకి రంగులేస్తూ, ఫ్యాక్టరీ పనికి పోతూ బతికిన మనిషి. పిల్లాడికి 8 ఏళ్ళప్పుడు క్యాన్సర్‌తో పోయాడు. మిగిలింది నలుగురు పిల్లలు, ప్రభుత్వం వాళ్ళిచ్చిన ఇల్లు. ఆ తల్లి పోస్టాఫీసులో పనిచేసి అందరినీ పెంచింది. అలాంటి ఇంట్లో కుర్రాడు 18 ఏళ్ళకి "నేను నాటకాల బడికి పోతాను" అంటే ఏమవుతుందో నేను నీకు చెప్పక్కర్లేదు, మీ అమ్మగారు చెప్పేశారు కదా. ఆయన ఆ మాట అననే లేదు. స్కాలర్‌షిప్ మీద చదివిన లాటిమర్ స్కూల్లో నాటకాలు వేసినా, చేతిలో బొమ్మల విద్య ఉంది కాబట్టి, అది తిండి పెడుతుంది కాబట్టి, చెల్సీ ఆర్ట్ కాలేజీలో చేరాడు, ఆ తర్వాత రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్. చదువయ్యాక స్నేహితులతో కలిసి గ్రాఫిటీ అని ఒక డిజైన్ స్టూడియో పెట్టి మూడేళ్ళ పాటు నడిపాడు. అంటే ఆ వయసుకి నువ్వు చేస్తున్న పనే చేశాడు, నాయకుల ఫోటోలు తప్ప.

26 ఏళ్ళప్పుడు రాడా అనే నాటక విద్యాలయానికి, అంటే అక్కడి రాయల్ అకాడెమీకి, ఆడిషన్ ఇవ్వమని ఉత్తరం రాశాడు. సీటొచ్చింది. 1972లో చేరి 1974లో బయటికొచ్చాడు.

ఇక్కడే మనవాళ్ళు కథని కత్తిరించేస్తారు. ఉద్యోగం మానేశాడు, ఇంటర్వెల్ పడింది, ఇంటర్వెల్ అయ్యేసరికి హాలీవుడ్ స్టార్! అంతర్జాలంలో తిరిగే స్ఫూర్తి కథలన్నీ ఇదే పద్ధతి, చదివితే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఇంటర్వెల్‌లో ఏముందో చూడు. చదువుకునే రోజుల్లో ఖర్చులకి నైజెల్ హాథార్న్, రాల్ఫ్ రిచర్డ్‌సన్ లాంటి పెద్ద నటులకి డ్రెస్సర్‌గా పనిచేశాడు. డ్రెస్సర్ అంటే తెర వెనక నిలబడి కోటు తొడగడం, గుండీలు పెట్టడం, రంగం మారేలోపు వేషం మార్పించడం. మన నాటకాల్లో ఆ పని కుర్ర వేషగాళ్ళే చేస్తారు, తిట్లు కూడా వాళ్ళే తింటారు. ఆ తర్వాత షెఫీల్డ్, బర్మింగ్‌హామ్ లాంటి ఊళ్ళ నాటక సంస్థల్లో, పేరుకీ డబ్బుకీ సంబంధం లేని వేషాలు. 1978లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలోకి వెళ్ళాడు, అక్కడ మనసు కుదరక బయటికొచ్చేశాడు. 1982లో బీబీసీ వాళ్ళ ఒక సీరియల్లో నూనె రాసినట్టు మాట్లాడే ఒక పాదిరీ వేషం వేస్తే అప్పుడు కాస్త జనం ఆయన పేరడిగారు. 1985లో మళ్ళీ షేక్‌స్పియర్ కంపెనీకే తిరిగొచ్చి, క్రిస్టఫర్ హాంప్టన్ రాసిన ఒక ఫ్రెంచి కథ నాటకంలో వాల్మోంట్ అనే మోసగాడి పాత్ర వేశాడు. అది లండన్‌లో ఆడింది, 1987లో న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకశాలలకి వెళ్ళింది, అక్కడి నాటకాలకిచ్చే టోనీ అవార్డుకి నామినేషన్ వచ్చింది.

అప్పుడేమైందంటావా? ఆ నాటకాన్ని సినిమా తీశారు. ఆ వేషం జాన్ మాల్కోవిచ్‌కి ఇచ్చారు. రెండేళ్ళ పైన రాత్రులు రాత్రులు తను నిలబెట్టిన పాత్ర, తెర మీదికి వెళ్ళేసరికి ఇంకొకరి చేతికి. ఈ దెబ్బ తిన్నవాళ్ళు మన నాటక సమాజాల్లో ఎంతమందో, పేర్లు చెప్పను గానీ నాకు తెలిసినవాళ్ళే ముగ్గురున్నారు. అయితే బ్రాడ్‌వేలో అదే నాటకం చూసిన హాలీవుడ్ నిర్మాత, దర్శకుడు ఆయన్ని డై హార్డ్ సినిమాలో విలన్ వేషానికి పిలిచారు. అది 1988లో విడుదలైంది. అదే ఆయన మొదటి సినిమా. నాటకాల బడికి ఉత్తరం రాసిన 26 నుంచి ఆ 42 దాకా లెక్క పెట్టుకో, 16 ఏళ్ళు. ఒక పిల్లాడు పుట్టి పదో తరగతి పరీక్ష రాసేసేంత కాలం.

నీలాంటి డిజైనర్ తెలుసుకోవలసిన ముక్క అసలు ఆ సినిమాలోనే ఉంది. కథలో ఆయన ముఠా నాయకుడు, ఒక పెద్ద భవనాన్ని స్వాధీనం చేసుకుంటాడు. ముఠావాడికి ముఠావాడి బట్టలు అనుకుని వాళ్ళేవో సిద్ధం చేసుకున్నారు. ఈయన నిర్మాతకి ఒక చీటీ రాసిపెట్టి వెళ్ళాడు. నేను సూటు వేసుకుంటే బాగుంటుంది కదా, సూటు వేసుకుంటే ఎక్కడో ఒకచోట హీరోకి ఎదురుపడి అమెరికా యాసలో మాట్లాడి నేనూ బందీనేనని నమ్మించవచ్చు కదా అని. సినిమాలో సూటూ వచ్చింది, ఆ సీనూ వచ్చింది. నన్నడిగితే ఆ సినిమాలో అందరికీ గుర్తుండిపోయే సీను అదే. ఇది నటుడి బుర్ర మాత్రమే అనుకుంటున్నావా? ఏ రంగు, ఏ గీత, ఏ బట్ట చూస్తే జనం ఏమనుకుంటారో రోజంతా ఆలోచించే వృత్తిలోంచి వచ్చిన బుర్ర. సినిమాల్లో కొత్తగా అడుగుపెట్టినవాడు, చేతిలో ఇంకో అవకాశం లేనివాడు, అంత ధైర్యంగా చీటీ రాశాడంటే 42 ఏళ్ళు వచ్చాయి కాబట్టే రాశాడు. 22 అయితే ఇచ్చిన బట్టలు తొడుక్కుని నిలబడేవాడు.

ఇక నీ ఉద్యోగం. మానొద్దు, ఇప్పుడు మాత్రం మానొద్దు. రిక్‌మన్ కూడా ఒకరోజు పొద్దున్నే లేచి నటుణ్ణయిపోదామని అనుకోలేదు. కుర్రతనం నుంచీ ఔత్సాహిక నాటక బృందాల్లో వేస్తూనే ఉన్నాడు. నువ్వు స్కూల్లో వేసి ఆపేశావు, పదేళ్ళు దాటింది. ముందు ఆ తుప్పు వదలాలి. శ్రీకాకుళంలో బాపూజీ కళామందిర్‌లో నాటకం ఉందంటే వెళ్ళి చూడు, అయిపోయాక వెంటనే బయటికి రాకు, తెర వెనక్కి వెళ్ళి బల్లలు మొయ్యి. ఏదో ఒక సమాజంలో చేరు, రాత్రి రిహార్సల్స్‌కి పో, షాపు ఎలాగూ ఎనిమిదికి కట్టేస్తారు. ఏడాది అలా తిరిగినా ఇంకా పిచ్చి వదలకపోతే అప్పుడు చదువు సంగతి చూడు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనే రంగస్థల కళల శాఖ ఉంది. ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకి దరఖాస్తు పెట్టాలన్నా డిగ్రీతో పాటు నాటకాల్లో వేసిన అనుభవం అడుగుతారు. అంతేగాని మూడు నెలల్లో హీరోని చేస్తాం, ముందు ఫోటోలకి యాభై వేలు కట్టు అనేవాళ్ళ దగ్గరికి మాత్రం పోకు. అలాంటివాళ్ళ ఫ్లెక్సీలు నువ్వే డిజైన్ చేసి ఉంటావు.

మీ అమ్మగారికి ఇంగ్లీషాయన కథ చెప్పకు, ఒంటబట్టదు. శంకరాభరణం శాస్త్రిగారి సంగతి చెప్పు. జె.వి. సోమయాజులుగారిది మీ శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారమే, పెరిగింది మా విజయనగరంలో. రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు దాకా ఉద్యోగం చేసుకుంటూనే తమ్ముడు రమణమూర్తిగారితో కలిసి కన్యాశుల్కం ఊరూరా ఆడారు. తమ్ముడు గిరీశం, అన్నగారు రామప్ప పంతులు. 1980లో ఆ సినిమా వచ్చేనాటికి ఆయనకి యాభై దాటాయి. అంత ఉద్యోగం చేసినాయన నాటకం వదల్లేదు, నాటకం వేసినాయన ఉద్యోగం వదల్లేదు. పెళ్ళిచూపులకి కూడా వెళ్ళు బాబూ, దానికీ దీనికీ తగువేం లేదు.

ప్రశ్న: నేను స్నేప్‌ని తెలుగు డబ్బింగ్‌లోనే చూశాను. ఈమధ్య ఒరిజినల్ విన్నాను, మతి పోయింది. ఆయన గొంతు పుట్టుకతోనే అంతా? — ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: పుట్టుకతో వచ్చింది లోపమమ్మా, గొంతు తర్వాత వచ్చింది. ఆయనకి దవడ బిగుతుగా ఉండేది, ఫ్రీగా కదిలేది కాదు. అందుకే ఆ సాగదీత, ఆ ముక్కు వైపు నుంచి వచ్చే గంభీరం. నాటకాల బడిలో ఒక టీచరు, నీ మాట మురుగు గొట్టానికి అవతలి చివర నుంచి వస్తున్నట్టుంది అన్నారని తనే చెప్పుకునేవాడు. మన దగ్గరైతే ఆ ఒక్క మాటకి కుర్రాడు మళ్ళీ ఆ గుమ్మం తొక్కడు. ఈయన దాన్ని పోగొట్టుకోవాలని చూడకుండా సాధన చేసి, గొట్టాన్ని వేణువు చేసుకున్నాడు.

ఇంకో సంగతి. స్టేజీ మీద అరవడం వేరు, వినబడడం వేరు. మైకుల్లేని రోజుల్లో మన పల్లెల్లో వీధి నాటకం ఆడితే, అవతల చింతచెట్టు కింద గోనె పరుచుకుని కూర్చున్న ముసలమ్మకి కూడా మాట అందాలి, అందకపోతే ఆవిడ లేచి తిట్టేది. అలా అలవాటైనవాడు సినిమాలో గుసగుసగా మాట్లాడినా మాట ముక్క పోదు. స్నేప్ ఎనిమిది సినిమాల్లో ఎన్నిసార్లు గట్టిగా అరిచాడో లెక్కపెట్టండి, వేళ్ళు మిగిలిపోతాయి.

ప్రశ్న: అంత మంచి నటుడికి ఎప్పుడూ విలన్ వేషాలేనా? బాధపడేవారు కాదా? — ఒక ఉపాధ్యాయురాలు, పాలకొండ

జవాబు: ఎప్పుడూ కాదండీ, మనం చూసినవి అవి కాబట్టి అలా అనిపిస్తుంది. అసలు విలన్ అనే మాటంటేనే ఆయనకి పడేది కాదు. వేషం వేసేవాడు ఆ మనిషి మంచీ చెడ్డా తీర్పు చెప్పకూడదనేవాడు. మన ఎస్.వి. రంగారావుగారి కీచకుణ్ణి చూడండి, తప్పు చేస్తున్నానని ఆ మొహంలో ఎక్కడైనా ఉందా? ఠీవి తప్ప. అన్నట్టు ఆయనా సినిమాల్లోకి రాకముందు ఫైర్ ఆఫీసరు, బందరులోనూ మన విజయనగరంలోనూ పనిచేశారు. ఇక్కడ మంటలార్పి అక్కడ సినిమాల్లో అంటించారని మా నాన్న అంటుండేవారు.

రిక్‌మన్‌కి డై హార్డ్ తర్వాత అలాంటివే వరసగా వచ్చాయి. 1991లో వచ్చిన రాబిన్ హుడ్ సినిమాలో నాటింగ్‌హామ్ అధికారి వేషం ముందు వద్దన్నాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. నా ఇష్టం వచ్చినట్టు చేసుకోనిస్తామంటేనే ఒప్పుకున్నాడు. డైలాగులు చప్పగా ఉన్నాయని రూబీ వాక్స్ అనే హాస్యనటినీ, పీటర్ బార్న్స్ అనే నాటక రచయితనీ, ఇద్దరూ స్నేహితులే, కూర్చోబెట్టుకుని కొత్తవి కలిపించుకున్నాడు. ఫలితం ఏమిటంటే హీరోని చూద్దామని వచ్చినవాళ్ళు ఈయన ఎప్పుడొస్తాడా అని చూశారు. దానికి బ్రిటిష్ అకాడెమీ వాళ్ళు ఉత్తమ సహాయనటుడి అవార్డు ఇస్తే, అందుకుంటూ, నటనలో సూక్ష్మంగా ఉండడమే సర్వస్వం కాదని ఇది నాకు గుర్తుచేస్తుంది అన్నాడు. తన మీద తను వేసుకున్న జోకు అది, ఎందుకంటే ఆ వేషంలో సూక్ష్మం అనేది మచ్చుకైనా లేదు.

అదే రోజుల్లో ఇంకో చిన్న సినిమా, ట్రూలీ మ్యాడ్లీ డీప్లీ. చనిపోయిన ప్రియుడు దయ్యమై ప్రియురాలి ఇంటికి తిరిగొస్తాడు. భయపెట్టడు, చలిగా ఉందని హీటరు పెంచుతాడు, తోటి దయ్యాల్ని వెంటేసుకొచ్చి హాల్లో సినిమాలు చూస్తాడు. ఆవిడకి మొదట సంతోషం, తర్వాత ప్రాణం విసిగిపోవడం. బహుశా ఆవిడ విసిగిపోవాలనే అతను వచ్చాడేమో అని మనకి చివర్లో అనుమానం వస్తుంది. మీరు అది చూశాక ఆయన్ని విలన్ అనలేరు. నేను రెండుసార్లు చూశాను, రెండోసారి మా ఆవిడ పక్కన కూర్చుంది, ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ప్రశ్న: ఆఖరి పుస్తకం రాకముందే స్నేప్ రహస్యం ఆయనకి తెలుసంటారు. నిజమా, కట్టుకథా? — ఇంటర్ విద్యార్థి, రాజాం

జవాబు: నిజమే. ఆఖరి పుస్తకం వచ్చింది 2007లో, మొదటి సినిమా 2001లోనే వచ్చేసింది. ఆ వేషం ముందు టిమ్ రాత్ అనే ఇంకో ఇంగ్లీషు నటుడి దగ్గరికి వెళ్ళింది, ఆయన వేరే సినిమా ఎంచుకున్నాడు. రిక్‌మన్ ఒప్పుకునేముందు రచయిత్రి రౌలింగ్‌తో మాట్లాడాడు. ఆవిడ కథంతా చెప్పలేదు, స్నేప్ మనసులో ఏముందో తెలిసేలా ఒక చిన్న ముక్క మాత్రం చెప్పింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు, చెప్పలేదు. మధ్యలో దర్శకులు మారుతున్నా, ఇక్కడెందుకు ఇలా చూశావని అడిగితే తర్వాత తెలుస్తుందని తప్పించుకునేవాడు. మన దగ్గర అయితే పక్కవాడికి, ఎవరికీ చెప్పకేం అని చెప్పి, సాయంత్రానికి గంటస్తంభం దాకా పాకించేస్తాం. నువ్వు మొదటి సినిమా మళ్ళీ పెట్టుకుని, ఆయన పోటర్ కళ్ళలోకి చూసే సీన్లు మాత్రం చూడు. పరీక్షలయ్యాక చూడు.

ప్రశ్న: 47 ఏళ్ళు కలిసి ఉండి అప్పుడు పెళ్ళి చేసుకున్నారట. ఇదేం చోద్యం మాస్టారూ? — ఒక గృహిణి, బొబ్బిలి

జవాబు: కలిసి ఉన్నది కాదమ్మా, పరిచయమై 47 ఏళ్ళు. 1965లో ఇందాక చెప్పినలాంటి ఒక ఔత్సాహిక నాటక బృందంలోనే రీమా హార్టన్‌ని కలిశాడు. ఆయనకి 19, ఆవిడకి 18. ఒక ఇంట్లో కాపురం పెట్టింది 1977లో. ఆవిడ అర్థశాస్త్రం పాఠాలు చెప్పే లెక్చరరు, లేబర్ పార్టీ తరఫున 20 ఏళ్ళు కౌన్సిలరుగా ఉంది, అంటే మన లెక్కలో వార్డు మెంబరు. ఆయన ఎక్కే స్టేజీ వేరు, ఆవిడ ఎక్కే స్టేజీ వేరు, ఎవరి పని వారిది. 2012లో న్యూయార్క్‌లో పెళ్ళి చేసుకున్నారు. చుట్టాల్లేరు, పందిరి లేదు, భోజనాల్లేవు. ఆయన 200 డాలర్ల ఉంగరం కొంటే ఆవిడ అది పెట్టుకోనే లేదట. ఈ సంగతి ఆయనే 2015లో బయటపెట్టాడు. చోద్యమో కాదో మీరే అనుకోండి, నాకైతే మా పక్కింట్లో పదిహేను లక్షలు పెట్టి చేసిన పెళ్ళి ఏడాదిన్నరకి కోర్టుకెక్కడం ఇంతకంటే చోద్యంగా ఉంది.

ఆ తర్వాత ఎంతో కాలం లేదు. పాంక్రియాస్ క్యాన్సర్. జబ్బు సంగతి దగ్గరివాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పలేదు. 2016 జనవరి 14న లండన్‌లో పోయాడు, 69 ఏళ్ళు. నాలుగు రోజుల ముందే గాయకుడు డేవిడ్ బోవీ అదే వయసులో, క్యాన్సర్‌తోనే పోయాడు. ఆ వారం ఇంగ్లండ్‌లో అందరికీ ఇంట్లో మనిషి పోయినట్టే ఉండిందట.

ప్రశ్న: ఆస్కార్ ఎందుకు రాలేదు? — ఒక పాఠకుడు, పలాస

జవాబు: నామినేషనే రాలేదు. రష్యా సన్యాసి రాస్‌పుటిన్ వేషం టీవీ సినిమాలో వేస్తే టీవీ వాళ్ళిచ్చే ఎమ్మీ వచ్చింది, గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. ఆస్కార్ ఎందుకు రాలేదో ఇచ్చేవాళ్ళని అడగాలి. మీరు జీడిపప్పు మంచిదో కాదో సీలు చూసి కొంటారా, నోట్లో వేసుకుని కొంటారా?

ప్రశ్న: సినిమాల్లో అంత డబ్బు వస్తుంటే మళ్ళీ నాటకాలెందుకు వేసేవాడు? మన దగ్గర సినిమా ఛాన్సొస్తే స్టేజీ మొహం చూడరు. — రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, విజయనగరం

జవాబు: మీ ప్రశ్నలో సగం మనవాళ్ళ మీద ఫిర్యాదు, దానికి నేనూ సంతకం పెడతాను. 1892లో కన్యాశుల్కం మొదటిసారి ఆడిన ఊరు మనది. ఆ ఊళ్ళో ఇప్పుడు నాటకం ఉందంటే ముందు రెండు వరసలూ అతిథులు, వెనక రెండు వరసలూ నటుల చుట్టాలు.

లండన్‌లో పరిస్థితి వేరు, టికెట్టు కొని చూస్తారు. 2001 చివర్లో మొదటి పోటర్ సినిమా థియేటర్లలో ఆడుతున్నప్పుడే ఈయన లండన్‌లో నోయెల్ కవర్డ్ రాసిన పాత నాటకం ఒకటి లిండ్సే డంకన్ అనే నటితో కలిసి రోజూ ఆడుతున్నాడు. పొద్దున పిల్లలు స్నేప్‌ని చూసి జడుసుకుంటే, రాత్రి వాళ్ళ అమ్మానాన్నలు అదే మనిషి పైజమాలో మాజీ పెళ్ళాంతో పోట్లాడుతుంటే చూసి నవ్వుకున్నారన్నమాట. అది బ్రాడ్‌వేకి కూడా వెళ్ళి రెండో టోనీ నామినేషన్ తెచ్చింది. ఆఖరి పోటర్ సినిమా 2011 జూలైలో వస్తే, అదే ఏడాది నవంబరుకి మళ్ళీ బ్రాడ్‌వే స్టేజీ మీద ఉన్నాడు.

అన్నీ బాగా ఆడాయని కాదు. 1998లో లండన్ నేషనల్ థియేటర్‌లో షేక్‌స్పియర్ నాటకం, హెలెన్ మిరెన్ క్లియోపాత్రా, ఈయన ఆంటొనీ. టికెట్లన్నీ అమ్ముడయ్యాయి గానీ విమర్శకులు ఉతికి ఆరేశారు. సినిమాలో బాగా చెయ్యకపోతే ఎడిటర్ కాపాడతాడు, స్టేజీ మీద తిట్లు తిన్న మర్నాడు రాత్రి ఏడున్నరకి మళ్ళీ అదే కత్తి పట్టుకుని అదే జనం ముందుకి వెళ్ళాలి. ఈ నరకం తెలిసీ మళ్ళీ మళ్ళీ వెళ్ళాడంటే డబ్బు సంగతి కాదు కదండీ అది.

ప్రశ్న: మాస్టారూ, ఇన్ని చెబుతున్నారు, మీరెప్పుడైనా నాటకం వేశారా? — ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని మొదటి ఉత్తరం విప్పినప్పుడే అనుకున్నాను. వేశాను. పరిషత్తు పోటీల కోసం ఒకసారి బస్సులో వెళ్తూ, చితికిపోయిన జమీందారు వేషం నాది, పట్టు పంచె, జరీ కండువా, వెల్వెట్ కోటు అన్నీ పెట్టుకున్న సంచీని బస్టాండులో టీ తాగిన బల్ల మీద వదిలేశాను. తెర లేవడానికి గంట ముందు గుర్తొచ్చింది. చివరికి వాచ్‌మన్ కోటు అడిగి తొడుక్కుని, దాని మీద ఎవరిదో తువ్వాలు వేసుకుని స్టేజీ ఎక్కాను. జమీందారు మోచేతి దగ్గర చిరుగు. జడ్జీల్లో ఒకాయన మాట్లాడుతూ, పతనమైన వంశాన్ని దుస్తుల్లోనే చూపించిన ఆలోచన అద్భుతం అన్నారు. నేను కాదనలేదు. ఆ కోటుకి ఓ గుండీ తెంపేశాను కూడా, వాచ్‌మన్ దానికి రెండు రూపాయలు పుచ్చుకున్నాడు.

ప్రశ్న: ఆయన సినిమాలు ఏ వరసలో చూడమంటారు? ఇంట్లో ఎనిమిదేళ్ళ పిల్లాడున్నాడు. — ఒక పాఠకురాలు, గజపతినగరం

జవాబు: పిల్లాడికి పోటర్ మొదటి రెండూ చాలు, తర్వాతవి చీకటి ఎక్కువ. మీరు మాత్రం 1995లో వచ్చిన సెన్స్ అండ్ సెన్సిబిలిటీతో మొదలుపెట్టండి. తండ్రి పోయి ఆస్తి అన్నగారికి వెళ్ళిపోతే కట్నాల్లేని అక్కచెల్లెళ్ళకి పెళ్ళిళ్ళెలా అన్నదే కథ, భాష ఒకటి వేరు గాని ఇల్లు మన ఇల్లే. అందులో ఈయన ముప్ఫై అయిదు దాటిన కర్నలు, నోరు విప్పి అడగడు, వాకిట్లో నిలబడి ఎదురు చూస్తాడు. అడగనివాడి ప్రేమ ఇంత బాగా ఉంటుందా అనిపిస్తుంది. ఈయన ఎదురు చూసే ఆ రెండో అమ్మాయి కేట్ విన్స్‌లెట్. దాదాపు 20 ఏళ్ళ తర్వాత ఈయనే దర్శకుడై ఆవిడతో ఇంకో సినిమా తీశాడు, ఫ్రాన్సు రాజుగారి వెర్సాయి కోటకి తోటలు వేసిన కథ, అందులో తను రాజు. అది నిదానంగా నడుస్తుంది, ఓపిక ఉన్నరోజు పెట్టుకోండి.

డై హార్డ్ మాత్రం పిల్లాడు పడుకున్నాక. తుపాకులూ నెత్తురూ ఎక్కువే. ఆఖర్న ఈయన భవనం మీద నుంచి పడిపోతాడు, కింద గాలి పరుపు వేసి నిజంగానే వదిలారు. మూడు లెక్కపెట్టి వదులుతామని చెప్పి ఒకటి అనగానే వదిలేశారట. వెనక్కి పడుతూ కళ్ళు పెద్దవయ్యే ఆ ముఖాన్ని మీ రిమోట్‌తో ఆపి చూడండి. ఆ మొహం నటించింది కాదు.